పుదుచ్చేరిలో నేను రాసిన రెండు వాక్యాలు

కాకినాడ వాళ్ళకి యానాం పక్క ఊరు. పొద్దున టిఫిను చేసి బయల్దేరితే పని చూసుకుని భోజనాల వేళకి ఇంటికొచ్చేస్తాం. గోదావరి ఒడ్డునున్న ఆ యానాం పుదుచ్చేరి ప్రభుత్వం కింద ఉంటుంది. పీవై అక్షరాల నంబరు ప్లేట్లు చూస్తూ పెరిగాను గానీ, ఆ అక్షరాల అసలు ఊరు మాత్రం ఈమధ్యే చూశాను. తిరిగొచ్చి వారం దాటింది. సూట్‌కేసు ఇంకా ఖాళీ చేయలేదు. ఎవరు పలకరించినా అక్కడి సంగతులే చెబుతున్నానని, "రాసి పెట్టెయ్, అందరూ ఒకేసారి చదువుకుంటారు" అన్నారు ఇంట్లో. అందుకే ఇది.

సముద్రం చూడాలని వెళ్ళలేదు. సముద్రం మాకూ ఉంది. ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఆఫీసు పనిలాంటి పని మీదే వెళ్ళాను. నా ఉద్యోగం ఏమిటో మా పెద్దనాన్నకి ఇప్పటికీ అర్థం కాలేదు కాబట్టి ముందు అది చెబుతాను. కృత్రిమ మేధ అని పేపర్లలో రాస్తున్నారు కదా, అందులో ఏజెంట్ అనే రకం ఉంది. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకోదు, పనులు కూడా చేస్తుంది. ఆర్డరు తీసుకుంటుంది, బండి పంపుతుంది, వద్దంటే రద్దు చేస్తుంది. ఒక్కో పనికి ఒక్కో టూల్ ఉంటుంది. ఏ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో నాలుగు మాటల్లో రాసి పెడితే, అవి చదువుకుని ఏజెంట్ తనకి కావలసింది ఎంచుకుంటుంది. ఆ నాలుగు మాటలు రాసే మనిషిని నేను. పాపం దానికి మన దుకాణం తెలీదు, ఊరు తెలీదు, వచ్చినవాళ్ళ ముఖం కనిపించదు. రాసి ఉన్నదే దానికి లోకం.

ఈ విద్య మీద నేను చెప్పిన ఒక ఆన్‌లైన్ క్లాసులో పరిచయమైంది రేవతి. పుదుచ్చేరి అమ్మాయి. వాళ్ళది పెళ్ళిళ్ళకి వంటపాత్రలు అద్దెకిచ్చే దుకాణం. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, మా అంగడి ఏజెంట్‌కు పిచ్చి పట్టినాది. వచ్చి చూస్తావా?" అంది. పిచ్చి పట్టిన ఏజెంట్‌ని చూడ్డానికి ఎవరైనా ఒంటరిగా ఇంత దూరం వెళ్తారా? నేను వెళ్ళాను.

నటేశన్ నగర్

చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి సముద్రం పక్కన బస్సు. పుదుచ్చేరిలో దిగి, బస్సులో వల్లె వేసుకున్న తమిళ వాక్యాన్ని ఆటో ఆయనకి అప్పజెప్పాను. ఆయన మొత్తం ఓపిగ్గా విని, "యాడికి పోవాలమ్మా?" అన్నాడు. తెలుగు. నా మొదటి తమిళ వాక్యం అలా వృథా అయింది. రెండు వందలు అడిగాడు. "నూట యాభై తీసుకోండి" అన్నాను. "తీసుకోండి" అని ఆయన తనలో తను అనుకుని, నవ్వి, ఎక్కమన్నాడు. నటేశన్ నగర్ చేరేదాకా, ఏ ఊరు, ఏ ఇల్లు, సాంబారు తింటావా అని అడుగుతూనే ఉన్నాడు.

రేవతి వాళ్ళమ్మ సరోజ గారు వాకిట్లోనే ఉన్నారు. ఎన్. సరోజ. అక్కడ పేరుకి ముందు ఇనిషియల్ లేకపోతే సగం పేరే చెప్పినట్టు. మేం పిన్ని అనే వరసని వాళ్ళు చిన్నమ్మ అంటారు కాబట్టి నాకూ చిన్నమ్మే అయ్యారు.

"రా పాపా, కూర్చో. ప్రయాణం బాగుండెనా?"

"బాగుందండి."

ఆవిడ నా మొహంలోకే చూస్తూ నిలబడిపోయారు. నేనూ చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి రేవతి నవ్వు ఆపుకుంటూ, "ఏంది అమ్మా, అట్ల చూస్తా ఉండావు?" అంది.

"అండ్ అనె కదా. ఇంకా ఏమో చెప్తాదని కాచుకోనుండా."

అండి అనేది మా వైపు మర్యాద అని రేవతి వివరించింది. చిన్నమ్మ నమ్మినట్టు తలూపారు గానీ, ఆ నాలుగు రోజులూ నేను అండి అన్న ప్రతిసారీ ఆవిడ ఒక క్షణం ఆగి చూడ్డం మానలేదు.

వాళ్ళు ఎప్పుడో తాతల తాతల నాడు వచ్చి స్థిరపడిన తెలుగు వ్యాపారులు. ఏ ఊరి నుంచి వచ్చారో వాళ్ళకే తెలీదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజార్లో తమిళం, కంప్యూటర్ ముందు ఇంగ్లీషు. తెలుగు చదవడం మాత్రం ఇంట్లో ఎవరికీ రాదు. మా ఊళ్ళో తెలుగు బోర్డులు ఎంత తప్పుగా రాసినా అందరం చదివేస్తాం. ఇక్కడ ఇంత చక్కగా మాట్లాడే భాషకి వీధిలో ఒక్క అక్షరం కనపడదు. కొత్తగా అనిపించింది.

రాత్రి భోజనంలో రేవతి ఏజెంట్ చేసిన ఘనకార్యాలు చెప్పింది. మేం గుండిగ అనే పెద్ద వంటపాత్రని అక్కడ అండా అంటారు. ఎవరో శాకాహారుల పెళ్ళికి పది అండాలు కావాలంటే, ఏజెంట్ అది హిందీ మాట అనుకుని, "క్షమించండి, మా దగ్గర గుడ్లు దొరకవు" అని జవాబిచ్చిందట. అది చిన్నది. పెద్దది ఏమిటంటే, కిరుమాంబాక్కంలో రుక్మిణమ్మ అనే పెద్దావిడ ఊరికే ధర ఎంత అని అడిగితే, ఆవిడ ఇంటికి దుకాణంలోకెల్లా పెద్ద సెట్టు, బండెడు పాత్రలు, వెళ్ళిపోయాయి. తిరిగి తెచ్చుకుందామని ఫోన్ చేస్తే రుక్మిణమ్మ ఇవ్వనంది. పాత్రలు ఎలాగూ వచ్చాయి కదా అని మనవరాలికి చెవులు కుట్టించే వేడుక పెట్టేసుకుందట. అద్దె ఇస్తానంది, అందరినీ భోజనానికి కూడా పిలిచింది.

"శనివారం పండగ. సోమవారం బాహూర్లో పెండ్లికి అదే సెట్టు కావాల" అంది రేవతి.

చిన్నమ్మ పెరుగు వడ్డిస్తూ నెమ్మదిగా అన్నారు: "ఇంకొక తప్పు చేసినాదంటే దాన్ని నిలిపేస్తాను. రేవతి మళ్ళా ఫోన్ దగ్గర కూర్చుంటాది."

రేవతి అన్నంలో పెరుగు కలుపుకుంది. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి దుకాణం ఫోన్ ఎత్తేది తనే. పొద్దున లేచింది మొదలు అండాలు, కుర్చీలు, బండ్లు. బేకరీ రొట్టెలు చేయడం నేర్చుకునే కోర్సులో ఇప్పుడు సీటు వచ్చింది, వచ్చే నెల క్లాసులు. ఏజెంట్ సరిగ్గా పనిచేస్తేనే తను వెళ్ళగలిగేది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

అంగడి

మర్నాడు శుక్రవారం దుకాణానికి వెళ్ళాం. నేల నుంచి కప్పు దాకా ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చున్న పాత్రలు. గుండిగలు, గరిటెలు, నలుగురు మోస్తే గాని కదలని ఇడ్లీ పాత్ర. నేను ఒక గుండిగలో తల పెట్టి నా పేరు పిలుచుకున్నాను. లోపలి నుంచి బ్రహ్మాండంగా పలికింది. చిన్నమ్మ చూశారు.

టూల్స్ వివరణలు తెరిచి చూడగానే పిచ్చి ఎక్కడుందో తెలిసిపోయింది. ధరల వివరం పంపే టూల్‌కి ఎవరో "కస్టమరుకు పంపుతుంది" అని రాశారు. పాత్రల బండి పంపే టూల్‌కి కూడా "కస్టమరుకు పంపుతుంది" అనే రాశారు. ఏం పంపుతుందో ఎక్కడా లేదు. ధర అడిగిన మనిషికి ఏజెంట్ ఏదో ఒకటి పంపింది, పాపం.

నేను హుషారుగా కూర్చుని రాశాను. మొదటిదానికి: ఇది ధరల పట్టిక మాత్రమే పంపుతుంది, దుకాణం నుంచి ఏ వస్తువూ కదలదు, కస్టమరు ధర అడిగితే ఇదే వాడు. రెండోదానికి: ఇది నిజంగా బండిలో పాత్రలు పంపుతుంది, ఆర్డరు ఖాయమై తేదీ, చిరునామా తెలిసినప్పుడే వాడు, ధర మాత్రమే అడిగినవాళ్ళకి వాడకు. అండా అంటే వంటపాత్ర అనీ, గుడ్డు కాదనీ కూడా రాశాను. ఒక టూల్ వివరణ చక్కగా కుదిరితే నాకు కలిగే ఆనందం, నలకలు తీసిన బియ్యం చాటలో తెల్లగా కనిపించినప్పుడు మా అమ్మకి కలిగే ఆనందంలాంటిది. ఆ ఊపులో నా సొంతంగా రెండు వాక్యాలు చేర్చాను.

రద్దు చేసే టూల్ దగ్గర ఏజెంట్ మరీ నసుగుతోందని రేవతి చెప్పింది. వద్దన్నా వదలకుండా అడుగుతుందట. అందుకని, "కస్టమరు ‘అవసరం లేదు’ అంటే ఆర్డరు రద్దు చెయ్యి" అని రాశాను. స్పష్టంగా, పొట్టిగా. ఇంక, తెలుగులో మాట్లాడినవాళ్ళకి కూడా ఏజెంట్ తమిళంలో రాస్తోందని చూసి, "కస్టమరు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే రాసి జవాబివ్వు" అన్నాను. అది న్యాయంగా తోచింది.

తర్వాత రేవతి రకరకాల కస్టమర్లుగా గొంతు మార్చి మాట్లాడింది. ఏజెంట్ ఒక్కటీ తప్పలేదు. ధర అడిగితే ధరే వచ్చింది. సాయంత్రం సముద్రం ఒడ్డున, బండ్లు రాకుండా మూసేసిన రోడ్డు మీద, ఊరంతటితో పాటు మేమూ నడిచాం. మా కాకినాడ బీచ్‌లో ఇసుకలో కూర్చుంటాం. ఇక్కడ నల్లరాళ్ళ మీద కూర్చుంటారు, చెప్పులు పక్కన పెట్టుకుని, ఇంట్లో అరుగు మీద కూర్చున్నంత తీరుబడిగా. నేను రెండు ఐస్‌క్రీములు తిన్నాను. రెండు వాక్యాలకి రెండు.

కిరుమాంబాక్కం

శనివారం దుకాణం బండిలోనే కడలూరు రోడ్డు మీద బయల్దేరాం. డ్రైవర్ మణి, పక్కన చిన్నమ్మ, రేవతి, నేను, ఇరుక్కుని. పోగొట్టుకున్న సామాను ఉన్న ఇంటికి పట్టుచీరలు కట్టుకుని భోజనానికి వెళ్ళడం నాకు అదే మొదటిసారి.

రుక్మిణమ్మ పొట్టి మనిషి, నడక మాత్రం చాలా జోరు. మమ్మల్ని చూడగానే సంజాయిషీ మొదలుపెట్టింది. "ధర ఎంత అని అడిగితి, అంతే. పొద్దు గూకేలోపల బండి వచ్చి నిలిచినాది. వాకిలంతా తళతళా అని పాత్రలు. నా కొడుకును పిలిచి చెప్పితి, ఇన్నాళ్ళు రేపు మాపు అంటివి, ఇప్పుడు పాత్రలే వచ్చేసినాయి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకో అని. ఖాళీగా పంపితే బాగుంటాదా సరోజా, నువ్వే చెప్పు."

చిన్నమ్మకి నవ్వు వచ్చింది గానీ వ్యాపారి కదా, ఆపుకున్నారు.

మేనమామ ఒళ్ళో కూర్చున్న పాప చెవులు కుట్టేదాకా హాయిగా లడ్డూ తింది. కుట్టగానే ఏడుపు, ఆ ఏడుపు మేనమామకి కూడా వచ్చింది. మా వైపూ మేనమామ ఒడే, కానీ ఏడ్చిన మేనమామని చూడలేదు.

తర్వాత ఆకులు వేశారు. మా గోదావరి వైపు ఆకులో ముందు పప్పు, నెయ్యి, ఆవకాయ కనపడాలి. ఇక్కడ వడ, రెండు కూరలు, అప్పడం, అన్నం మీద సాంబారు వరదలా. పాయసంలో అప్పడం నలుపుకుని తింటారట. వినగానే ఇదేం పని అనుకున్నాను, తిన్నాక ఇన్నాళ్ళూ ఎందుకు తినలేదా అనుకున్నాను. కానీ ఆ తినడం వెనకాల కథ ఉంది.

నాకు ఆకలి దంచేస్తోంది. వడ్డించీ వడ్డించగానే గబగబా మొదలుపెట్టాను. పంక్తి వెంట చూసుకుంటూ వస్తున్న రుక్మిణమ్మ నా ముందు ఆగి, ప్రేమగా, "అవసరం లేదు పాపా" అంది.

చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. పెద్దవాళ్ళు మొదలుపెట్టకుండా తినకూడదేమో. లేక ఆకు వేరే ఎవరికో వేసిందేమో. చేతులు ఒళ్ళో పెట్టుకుని, సాంబారు అన్నాన్ని చూస్తూ కూర్చున్నాను. అటూ ఇటూ అందరూ తింటున్నారు. రేవతి సగం ఆకు ఖాళీ చేశాక గాని నన్ను చూడలేదు.

"ఏమక్కా, తినలేదు? కారమా?"

"అవసరం లేదన్నారు కదా" అన్నాను గొంతు తగ్గించి.

"అవును. అవసరం లేదు, మెల్లంగా తిను అని."

"అవసరం లేదంటే?"

"తొందర లేదు అని. మీ ఊర్లో ఏమంటారు?"

"మా ఊళ్ళో అవసరం లేదంటే అక్కర్లేదని. వద్దని."

రేవతి చేతిలో వడ ఆకులో పడింది. తమిళంలో అవసరం అంటే తొందర. వీళ్ళ తెలుగులో కూడా అదే స్థిరపడిపోయింది. సంగతి నోటినోటా పంక్తి చివరిదాకా వెళ్ళింది, నవ్వు అక్కడ మొదలై మా దాకా తిరిగొచ్చింది. రుక్మిణమ్మ నా పక్కన చతికిలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "నేను అన్నం వద్దని చెప్తానా?" అని తనే పాయసం పోసి, తనే అప్పడం నలిపింది. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రెండోది పెట్టుకోబోతూ ఆగిపోయాను.

కస్టమరు ‘అవసరం లేదు’ అంటే ఆర్డరు రద్దు చెయ్యి. నిన్న పొద్దున రాసింది నేనే.

"రేవతీ, ఫోన్ చూడు" అన్నాను.

తను ఎడమ చేత్తో తెరిచింది. బాహూరు పెళ్ళి ఆర్డరు, కె. కేశవులు గారిది, నిన్న మధ్యాహ్నం రద్దయింది. ఏజెంట్ ఆయనకి ఫోన్ చేసి, పెళ్ళి పాత్రల బండి పంపించమంటారా అని అడిగింది. ఆయన గొంతు స్పష్టంగా రికార్డయి ఉంది. "అవసరం లేదు మా." అంతే. ఏజెంట్ నేను చెప్పినట్టే చేసింది. ఆ సెట్టు సోమవారం ఖాళీ అని ఇంకెవరికో ధర కూడా చెప్పేసింది.

చిన్నమ్మ ఆ గొంతు రెండుసార్లు వేయించుకుని విన్నారు. ఆకు మడిచి, "లేయండి. బాహూరు పోదాం" అన్నారు. దాన్ని నిలిపేస్తానని గాని, నన్ను గాని ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

బాహూరు

మణి రెండు వడలు కాగితంలో చుట్టుకుని బండి తీశాడు. దారిపొడుగునా వరిచేలు, ఆ పైన బాహూరు చెరువు, ఇంత పెద్ద నీళ్ళు చూసి కూడా సంతోషించలేని స్థితిలో నేను. ఆడపిల్ల పెళ్ళి. ఎల్లుండి. పాత్రలు రావని మెసేజ్ చూసుకుని ఆ తండ్రి నిన్నటి నుంచి ఎలా ఉన్నాడో అనుకుంటున్నాను. మరి మాకు ఎందుకు ఫోన్ చేయలేదో తెలీలేదు.

కేశవులు గారు రైతు. ఇంటి ముందు పందిరి రాటలు పాతిస్తున్నారు. మమ్మల్ని చూసి పార అక్కడే వదిలేసి ఎదురొచ్చారు, మొహమంతా నవ్వు.

"రాండి సరోజక్కా. మీ అంగడి వాళ్ళు పంపిన వాళ్తు చూసినారా?"

వాళ్తు అంటే శుభాకాంక్ష. ఏ శుభాకాంక్ష గురించి అంటున్నారో మాకెవరికీ అర్థం కాలేదు.

"నిన్న ఫోన్‌లో వచ్చినాది కదా. తెలుగు అచ్చరాలతో. పూల బొమ్మలు, దండాల బొమ్మలు పెట్టి. మా అమ్మకు చూపిస్తే, ఇంట్లో తెలుగు అచ్చరం చూసి ఎన్నేండ్లాయనో అని కండ్లకు అద్దుకునింది. ఇంట్లో యెవురికీ చదవను రాదు. అయినా ఎంత అందంగా ఉండాది, ముత్యాలు మాదిరి. అందుకే ఫ్లెక్స్‌లో వేయించినా."

తిరిగి చూశాను. పందిరి ముఖద్వారానికి ఆనించి, మనిషి కంటే ఎత్తు ఫ్లెక్స్. పైన వధూవరుల ఫోటో, తమిళంలో పేర్లు. కింద, గులాబీల అంచు మధ్యలో, అరచేతులంత తెలుగు అక్షరాల్లో:

"నమస్కారం. మీరు కోరిన విధంగా మీ ఆర్డరు రద్దు చేయబడినది. భవిష్యత్తులో మళ్ళీ కావలసి వచ్చినప్పుడు మమ్మల్ని తప్పక సంప్రదించగలరు."

నా రెండో వాక్యం ఫలితం అది. తెలుగులో మాట్లాడినాయనకి తెలుగులోనే రాసి పంపింది.

"నువ్వు ఆంధ్రా నుంచి వచ్చినావంట కదా పాపా" అన్నారు కేశవులు గారు. "చదవను వస్తాదా? అందరికీ వినేటట్ల ఒకసారి చదువు. మా అమ్మ నిన్నటి నుంచి అడగతా ఉండాది, ఏం రాసుండాదిరా అని."

అప్పటికే ఆయన తల్లిని కుర్చీతో సహా బయటికి తెచ్చేశారు. బంధువులు వచ్చారు. కిటికీలోంచి పెళ్ళికూతురు తులసి, చేతులకి ఆరని గోరింటాకుతో. ఆ క్షణాన నేను ఏదైనా చదవొచ్చు. దీర్ఘసుమంగళీభవ అని చదివితే కాదనే మనిషి ఆ వాకిట్లో లేడు. చిన్నమ్మ వైపు చూశాను.

"చదువు పాపా. ఉండేది ఉన్నట్ల చదువు" అన్నారావిడ.

చదివాను. రద్దు అన్న మాట తమిళంలోనూ ఉంది కాబట్టి అక్కడికి వచ్చేసరికి తలలు లేచాయి. పెళ్ళి ఫ్లెక్స్ మీద, భవిష్యత్తులో మళ్ళీ కావలసి వచ్చినప్పుడు, అన్న చోట గబగబా చదివేశాను. చదవడం అయిపోయింది. మొదట నవ్వింది తులసి. చేతులు అడ్డం పెట్టుకోలేక, గోరింటాకు పాడవకుండా రెండు చేతులూ గాల్లో ఉంచి, కిటికీ చువ్వలకి నుదురు ఆనించి పడీపడీ నవ్వింది. తర్వాత నవ్వకుండా ఉన్నది వాళ్ళ నాన్న ఒక్కరే.

"అట్లైతే పాత్రలు?" అన్నారాయన.

"పాత్రలు రేపు సాయంత్రానికి నీ వాకిట్లో ఉంటాయి కేశవులూ" అన్నారు చిన్నమ్మ. "వేరే యెవురికీ పోవు. అది నా మాట."

నేను ముందుకొచ్చి, తప్పు ఏజెంట్‌ది కాదు, నాదని చెప్పాను. మా ఊళ్ళో అవసరం లేదంటే వద్దని అర్థమండీ, అదే అనుకుని రాశానండీ, మీరు తొందర లేదన్నారని తెలీలేదండీ, అన్నాను. కేశవులు గారు శ్రద్ధగా విన్నారు.

"అంటే మీ ఊర్లో అవసరం లేదంటే వద్దనా?"

"అవునండి."

ఆయన నెత్తి కొట్టుకున్నారు. "మా వియ్యంకుడిది నెల్లూరు పక్క. తాంబూలాల పొద్దు, కాఫీ తెస్తాను అవసరం లేదు అంటి. తాగకుండా లేచి ఎల్లిపోయినాడు. ఇన్నాళ్ళు ఆయనకు గర్వమేమో అనుకుంటి." అప్పుడు నవ్వొచ్చింది ఆయనకి, నిదానంగా, భుజాల మీది నుంచి.

పంపించేటప్పుడు మాత్రం ఒక షరతు పెట్టారు. "తప్పు రాసింది నువ్వు కదా. సరిగ్గా నువ్వే రాసియ్యి. దాని మింద అతికిస్తాను."

మళ్ళీ నటేశన్ నగర్

ఆదివారం పొద్దున వంటింట్లో కూర్చున్నాం. రేవతి తను చేసిన రొట్టె పెట్టింది. గోడకి కొడితే గోడే విరిగేలా ఉంది. చిన్నమ్మ దాన్ని ముందురోజు పులుసులో ముంచి, నానేదాకా పట్టుకుని, తిన్నారు.

రద్దు టూల్ వివరణ మొత్తం మళ్ళీ రాశాను. ఇది ఆర్డరుని తీసేస్తుంది, ఆ పాత్రలు వేరేవాళ్ళకి వెళ్ళిపోవచ్చు, తర్వాత వెనక్కి తేవడం కష్టం. ఒక్క మాటని పట్టుకుని దీన్ని వాడకు. ఇక్కడివాళ్ళు అవసరం లేదంటే తొందర లేదని కావచ్చు, వద్దని కావచ్చు. తెలియనప్పుడు ఇలా అడుగు: "పాత్రలు తర్వాత పంపాలా, అసలు వద్దా?" వద్దు అని వాళ్ళ నోటితో విన్నాకే రద్దు చెయ్యి. ఇక జవాబిచ్చే టూల్‌కి, తెలుగులో మాట్లాడినవాళ్ళకి తెలుగులోనే, కానీ రాతతో కాదు, గొంతుతో జవాబివ్వు అని రాశాను.

ఒక్కో వాక్యం రాయగానే గట్టిగా చదివి, ఇంకో అర్థం వస్తుందా అని ఇద్దరినీ అడిగాను. వాళ్ళకి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మార్చాను. తర్వాత చిన్నమ్మే ఫోన్ అందుకుని, కస్టమరులా మాట్లాడారు. తొందర లేదన్నట్టు, కోపమొచ్చినట్టు, చెవుడున్నట్టు, సగం చెప్పి మర్చిపోయినట్టు. ఏజెంట్ ప్రతిసారీ ఒక ప్రశ్న అడిగి, జవాబు విని, అప్పుడు పని చేసింది. ఆవిడ ఫోన్ పెట్టేసి రొట్టెలో ఇంకో ముక్క విరిచారు, అంటే విరవడానికి ప్రయత్నించారు.

"అడిగి చేస్తాది కదా. ఉండనీ" అన్నారు. తర్వాత రేవతితో, "నువ్వు ఆ క్లాసుకు పో. ముందు దీన్ని మెత్తగా చేసేది నేర్చుకో."

రేవతి లేచి ఆవిడని వెనక నుంచి వాటేసుకుంది. నేను సింకు వైపు తిరిగి, కడగాల్సిన అవసరం లేని, అంటే కడగక్కర్లేని, గ్లాసు కడిగాను.

సాయంత్రం కిరుమాంబాక్కం నుంచి పాత్రలు వచ్చాయి, తోమి, ఆరబెట్టి, ప్రతిదానికీ పసుపు కుంకుమ పెట్టి. ఒక గుండిగ నిండా మురుకులు. అది చిన్నమ్మ దింపించేసుకున్నారు. మిగతావి అటునుంచి అటే బాహూరు వెళ్ళాయి.

పందిట్లో

సోమవారం నా బస్సు మధ్యాహ్నం. పెళ్ళి చూసి ఎక్కుదామనుకున్నాను. మూడు ముళ్ళకి ముందే నాదస్వరం, పొయ్యిల మీద ఆ గుండిగలన్నీ పొగలు కక్కుతూ, మల్లెపూలూ కాఫీ కలిసిన వాసన. ఫ్లెక్స్ మీద తెల్లటి పట్టీ అతికించి ఉంది. దాని మీద నేను రాసిచ్చిన మాటలు:

"తులసీ, మురళీ, ఇద్దరూ నవ్వుతూ కలిసుండండి. మీ ఇంటికొచ్చినవాళ్ళు కడుపు నిండా తిని వెళ్ళాలి."

ఏజెంట్ల కోసం ఎన్నో రాశాను గానీ, ఒక మనిషి పెళ్ళికి రాయడం ఇదే. దానికీ అదే పద్ధతి పాటించాను, ఎవరు విన్నా ఒకటే అర్థం రావాలని. కేశవులు గారి తల్లి ముందు గట్టిగా చదివాను. ఆవిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. కుర్చీలోంచి లేచి, పట్టీ దగ్గరికి వచ్చి, "ఇందులో మా తులసి యాడుండాది?" అని అడిగింది. చూపించాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదా నిదానంగా గీసుకుంటూ పోయింది. తు. ల. సీ. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నా పేరు కూడా ఇట్ల రాసుంటాదా?" అంది.

తాంబూలం సంచులు పక్కనే దొంతరగా ఉన్నాయి. ఒకటి తీసి, మణి ఇచ్చిన మార్కరుతో వెంకటమ్మ అని రాసిచ్చాను. అంతే. పక్కనున్నావిడ తన పేరు అంది. ఆవిడ వెనక ఇంకొకరు. ఇనిషియల్ మర్చిపోతే వెనక్కి తెచ్చి వేయించుకున్నారు. పెళ్ళికొచ్చిన తమిళులు కూడా వచ్చి నిలబడ్డారు, మాకూ కావాలని. అక్షతలు ఒక చేత్తో వేశాను, మార్కరు రెండో చేతిలోనే ఉంది. బస్సు వేళ ఎప్పుడు దాటిపోయిందో చూసుకోలేదు, చూసుకున్నాక కూడా నవ్వే వచ్చింది.

భోజనాలు మొదలై జనం పలచబడ్డాక, చిన్నమ్మ వచ్చారు. అప్పటిదాకా వంటల దగ్గర పాత్రలు చూసుకుంటున్నారు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఉన్నారు. ఒక సంచి తీసి నా ముందు పెట్టారు.

ఎన్. సరోజ అని రాశాను. ఆవిడ సంచిని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"ఇంతేనా నా పేరు? ఇనిషియల్ పోతే మూడే అచ్చరాలా?"

"ఇంతేనండి."

ఈసారి ఆ అండి దగ్గర ఆగి చూడలేదు. ఇంకో సంచి తీసి నా చేతిలో పెట్టి, "ఇంకొంచం పెద్దగా రాయి" అన్నారు.